అత్తగారి కుర్చీ నుంచి తెర దాకా

మా అత్తగారు సాయంత్రం ఏడున్నరకి కూరగాయలు తరగడం మొదలుపెట్టాక, ఇంట్లోకి కొత్త టీవీ తేవాలని నేను నిర్ణయించుకున్నాను. బీన్సుకీ టీవీకీ ఏమిటి సంబంధం అని మా ఆవిడ అడిగింది. తను స్కూలు బస్సు నడుపుతుంది. తెల్లవారకుండానే లేవాలి గనక ఏడింటికి భోంచేసి ఆ వెంటనే పడుకుంటుంది. తను పడుకున్నాక ముందుగదిలో ఏం జరుగుతుందో తనకేం తెలుసు?

నేను బోర్డులు రాస్తాను. ఫ్లెక్సీలు వచ్చాక నా పని అయిపోయిందని ఊరంతా జాలిపడింది గానీ, అవి కాస్త ఎండకే వెలిసిపోవడంతో మళ్లీ నన్నే వెతుక్కుంటూ వచ్చారు. మందుల షాపు, బస్టాపు, స్కూలు గేటు, లారీల యార్డు, ఎక్కడ కుంచెతో రాసిన అక్షరం కనబడినా అది నా చేతిదే. వంకర అక్షరం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రాసినవాణ్ని నిచ్చెన మీంచి కిందికి లాగేయాలనిపిస్తుంది. మా పనిలో మొదటి పాఠం దూరం. ఎంత దూరం నుంచి చదువుతారో తెలియకుండా అక్షరం ఎంత ఎత్తుండాలో ఎవడూ చెప్పలేడు. ఈ ముక్క నేను కనబడ్డవాళ్లందరికీ చెప్తుంటాను. అలాంటి నేనే పప్పులో కాలేశాను.

అత్తగారు, మా అమ్మాయి చిన్నగా ఉన్నప్పుడు చూసుకోవడానికని వచ్చారు. అమ్మాయి పెద్దదై హాస్టలుకి వెళ్లిపోయింది గానీ ఆమె మాత్రం మాతోనే ఉండిపోయారు. చాలా ఏళ్లు మా ఇద్దరి మధ్య మాటలు అంతంతమాత్రం. "అల్లుడుగారూ, భోజనానికి లేస్తారా", "లేస్తానండీ", అంతే. మమ్మల్ని కలిపింది ఒక పోలీసు సీరియల్. భాగానికో నేరం, భాగానికో దొంగ. రోజూ వెనకవెనకే రెండు భాగాలు వేస్తారు. మొదటి భాగం సగంలో మేమిద్దరం చెరొకర్ని అనుమానించి పేరు చెప్పాలి, ఓడినవాళ్లు రెండో భాగం మొదలయ్యేలోగా టీ పెట్టాలి. అలా రోజూ పోట్లాడుకుంటూ ఉంటే ఆమె నోట "మీరు" పోయి "నువ్వు" ఎప్పుడు వచ్చిందో కూడా గమనించలేదు. చాలాసార్లు ఆమే గెలిచేవారు. ఆమె సూత్రం ఒకటే, మర్యాద ఎక్కువైనవాణ్ని పట్టుకోవడం. అందరికీ తలుపు తెరిచి పట్టుకునేవాడు, పనిమనిషిని కూడా క్షేమసమాచారాలు అడిగేవాడు కనబడితే చాలు, "వీడే" అనేవారు. నేను టీ పెట్టడం అలా నేర్చుకున్నాను.

ఏడాదిగా ఆమెకి చెవులు సరిగ్గా వినబడటం లేదు. డాక్టరు ఇచ్చిన మిషను పెట్టుకుంటే ఎదురుగా కూర్చుని మాట్లాడేది బాగానే వినిపిస్తుంది. సీరియల్ దగ్గరే తంటా. వెనకాల సంగీతం, బూట్ల చప్పుడు, కారు హారను, అన్నీ ఒకే గోలగా చెవిలో పడి మాటలు మునిగిపోతాయి. కొన్నాళ్లు నా మొహం చూసి ఊహించి నెట్టుకొచ్చారు. తర్వాత ఒకరోజు, ఈమధ్య దాంట్లో సరుకు లేదంటూ చాకూ బీన్సూ పట్టుకుని వంటింట్లోకి వెళ్లారు. మర్నాడూ అంతే. నేనొక్కణ్నే చూస్తూ కూర్చున్నాను. ఒకరోజు దొంగని మొదట్లోనే పట్టేశాను. కాలరెగరేద్దామని పక్కకి తిరిగితే కుర్చీ ఖాళీగా ఉంది. నాకు దిగులేసింది. అత్తగారు పక్కన లేరని దిగులుపడే అల్లుణ్ని చూసి నవ్వుకుంటే నవ్వుకోండి, ఆ సంగతి దాచుకునేది కాదు.

ఇదంతా విని మా ఆవిడ, ఇప్పుడు చాలా కార్యక్రమాల్లో మాటలు తెర కింద అక్షరాల్లో వస్తున్నాయి కదా అంది. నిజమే. మా పాత టీవీలోనూ వస్తాయి. కాకపోతే దాని నడుమ ఏడాదిగా ఒక ఆకుపచ్చ గీత నిలబడి ఉంది, అక్షరాలేమో చీమలు పాకుతున్నట్టుంటాయి. ఆమె తన కుర్చీలోంచి చదవగలిగే టీవీ కావాలి. అది దొరికితే ఆమె వంటింట్లోంచి ముందుగదిలోకి వస్తారు, దొరక్కపోతే రారు. నాకు సంబంధించినంతవరకూ లెక్క అంతే.

ఆ కుర్చీ సంగతి కూడా చెప్పాలి. అది కిటికీ పక్కన ఉంటుంది. సోఫాలో కూర్చుంటే కూరుకుపోతారు, మోకాళ్లు లేవనివ్వవు. కుర్చీ జరుపుదామంటే వీధి కనబడదు, వీధి కనబడకపోతే సాయంత్రం వచ్చేపోయేవాళ్లని పలకరించడం కుదరదు. కాబట్టి కుర్చీ కదలదు. టీవీ పెట్టడానికి తలుపూ కిటికీ లేని గోడ ఒకటే ఉంది గనక టీవీ కూడా కదలదు. నడుమ తొమ్మిది అడుగుల దూరం, అదీ ఎదురుగా కాదు, బాగా పక్కవాటంగా.

ఆదివారం నేనూ మా ఆవిడా షాపుకి వెళ్లాం. టీవీలు చూపించే అమ్మాయి మమ్మల్ని కూర్చోబెట్టి, ఎంత దూరం నుంచి చూస్తారు, ఎదురుగానా పక్కనుంచా, గదిలో వెలుతురెంత అని అడిగింది. అడగాల్సినవే అడిగిందని నాకు ముచ్చటేసింది. ఓఎల్ఈడీ తెరల్లో నలుపు కాటుకలా ఉంటుందనీ, పక్కనుంచి చూసినా రంగు చెడదనీ, కానీ కిటికీ వెలుతురు పడితే అద్దంలా మన మొహమే కనబడుతుందనీ చెప్పింది. ఎల్ఈడీల్లో రెండు రకాలట. ఒకదాంట్లో ఎదురుగా కూర్చుంటే నలుపు చిక్కగా ఉంటుంది గానీ పక్కకి జరిగితే బొమ్మ పాలిపోతుంది. ఇంకోదాంట్లో నలుపు కాస్త తక్కువైనా ఏ మూల నుంచి చూసినా ఒకేలా ఉంటుంది, వెలుతురుకీ తట్టుకుంటుంది. మాకు కావలసింది ఆ రెండోది. అంతవరకూ ఎవరికీ పేచీ లేదు.

పేచీ సైజు దగ్గర వచ్చింది. బోర్డు రాసేవాడికి వెనక్కి నడిచి చూసే అలవాటుంటుంది. నేను తెరకి మొహం పెట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి ఒక వాషింగ్ మెషీన్ మీద కూర్చున్నంత పని చేశాను. ఆ అమ్మాయి నవ్వు ఆపుకుని, తొమ్మిది అడుగులకి యాభై అయిదు అంగుళాలది తీసుకోండి సార్ అంది. నలభై మూడు అంగుళాల్లో, బొమ్మకి చుక్కలెక్కువ ఉండే ఫోర్‌కే రకం తీసుకుంటే సరిపోదా, అన్ని చుక్కలుంటే అక్షరం అంచు కత్తిలా ఉంటుంది కదా అన్నాను. అంచు బాగానే ఉంటుంది గానీ అంత దూరం నుంచి ఆ చుక్కల తేడా కంటికి ఆనదనీ, పెద్ద తెర మీదైతేనే ఫోర్‌కే పెట్టినందుకు ఫలితం కనబడుతుందనీ ఆమె ఓపిగ్గా చెప్పింది. యాభై అయిదంటే మా చిన్న గదిలో గోడంతా అదే ఉంటుంది. నేను జేబులోంచి స్టీలు స్కేలు తీసి, నలభై మూడు, యాభై, యాభై అయిదు అంగుళాల టీవీలు మూడింటి మీదా కింద వచ్చే అక్షరాల ఎత్తు కొలుచుకుని, ఇంటికెళ్లి పరీక్ష పెట్టి వస్తానన్నాను. మా ఆవిడ నుదురు కొట్టుకుంది.

పరీక్ష నేను పెట్టాను, బ్రహ్మాండంగా పెట్టాను. నల్లటి అట్టలు మూడు తీసుకుని, మూడు టీవీల కొలతల ప్రకారం సన్న కుంచెతో తెల్లటి అక్షరాలు రాశాను. అంత చిన్న అక్షరాలు రాసి చాలా కాలమైంది, మధ్యాహ్నమంతా పట్టింది. ఏం రాయాలో తోచక చేతికి అలవాటైన మాటలే రాశాను. పెద్దదాని మీద "గేటు ముందు బండి పెట్టరాదు". నడిమిదాని మీద "దయచేసి వరుసలో నిలబడండి". చిన్నదాని మీద "పెయింట్ తడిగా ఉంది, తాకవద్దు". ఒక్కొక్కటే గోడకి ఆనించి అత్తగారిని కుర్చీలోంచి చదవమన్నాను. ఆమె కళ్లజోడు తుడుచుకుని, మూడూ గడగడా చదివేశారు. చిన్నది కూడా ఎక్కడా తడుముకోలేదు.

ఇంకేం కావాలి నాకు? నలభై మూడు చాలని తేలిపోయింది. ఎందుకైనా మంచిది, ఆ అమ్మాయి చెప్పిందే తీసుకుందాం అని మా ఆవిడ అంది. అక్షరాల సంగతి నాకు చెప్పకు అన్నాను. తెచ్చి గోడకి బిగించాను. దాని అట్టపెట్టె దళసరిగా, ముడత లేకుండా ఉంది. అలాంటి అట్ట కనబడితే నా చెయ్యి ఊరుకోదు. ఆ సాయంత్రమే నిలువునా కోసి, లారీల యార్డు పనికి రంగు అద్దే అక్షరాల అచ్చులు కత్తిరించుకున్నాను.

ఏడున్నరకి అత్తగారు తల దువ్వుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. సీరియల్ మొదలైంది. కింద అక్షరాలు తెల్లగా, చక్కగా పడుతున్నాయి. సోఫాలోంచి నాకు బాగానే ఉంది. ఆమె తల ఊపుతున్నారు, నేను నవ్వితే నవ్వుతున్నారు. నేను నవ్విన తర్వాత నవ్వుతున్నారని కాసేపటికి గాని నాకు తట్టలేదు. సగంలో, ఎవరి మీద అనుమానం అని అడిగాను. ఆ పొట్టి లాయరు అన్నారు. ఆ పొట్టి లాయరే హత్యకి గురైన మనిషి అని అంతకుముందే ఇన్‌స్పెక్టరు పేరు పెట్టి చెప్పాడు, పాత ఫొటోలో చూపించాడు. ఇంకొంచెంసేపు కూర్చుని, బీన్సు తరగాలంటూ ఆమె లేచారు. బీన్సు పొద్దుటే తరిగేసి ఉన్నాయని నాకు తెలుసు.

టీవీ అలాగే వదిలేసి వెనకాలే వెళ్లాను. ఆమె ఊరికే చాకు పట్టుకుని గట్టు దగ్గర నిలబడి ఉన్నారు. ఎదురుగా వెళ్లి, చెవికి అందేలా, అక్షరాలు కనబడలేదా అని అడిగాను. ముందు నీళ్లు నమిలారు.

"కనబడుతున్నాయి. అక్షరాలున్నాయని తెలుస్తోంది. ఏమిటో తెలియట్లేదు."

"మరి నా అట్టలు మూడూ చదివారుగా అత్తయ్యా?"

"అవి నీ అక్షరాలు. ఈ ఊళ్లో ఎటు చూసినా అవే కదా. మందుల షాపు దగ్గరా అవే, బస్టాపు దగ్గరా అవే. 'పెయింట్ తడిగా ఉంది' అన్నది మన గేటుకే ఎన్నిసార్లు తగిలించావు. దాని వాటం చూస్తే చాలు, చదవక్కర్లేదు. ఈ టీవీలో రాసేవాడెవడో నేనెరగను."

ఊళ్లో ఇంకెవరికైనా ఆ అట్టలు పరీక్షే. ఆమెకి మాత్రం అవి ఇంట్లోవాళ్ల మొహాల్లాంటివి. ఇంత పేరున్న బోర్డు రైటర్ని అయి ఉండి కూడా, ఆ చిన్న సంగతి నాకు తట్టలేదు. అప్పుడే చెప్పొచ్చు కదా అని కాస్త కోపంగానే అడిగాను.

"మధ్యాహ్నమంతా వొంగి కూర్చుని రాశావు. నేను చదువుతుంటే నీ మొహం అలా వెలిగిపోయింది. కళ్లతో చదివానో గుర్తుపట్టానో, అప్పుడు నాకూ తెలియలేదు నాయనా."

ఆ రాత్రి నా మీద నాకే కోపం వచ్చింది. కానీ దాని అడుగున ఏదో సంతోషం కూడా ఉంది, అబద్ధం ఎందుకు. నా అక్షరాలని ఒకరు అంతగా ఎరిగి ఉంటారని నేనెప్పుడూ అనుకోలేదు.

పొద్దున్నే షాపుకి ఫోన్ చేస్తే, పెట్టె సవ్యంగా ఉంటే మార్చి ఇస్తాం అన్నారు. పెట్టె సవ్యంగా ఎక్కడుంది? అచ్చులు కత్తిరించిన ముక్కలన్నీ టేపుతో అంటించాను. నిలబెట్టి చూస్తే ఒక పక్కన "లారీ", ఇంకో పక్కన "వెనక్కి" అని అక్షరాల ఆకారంలో కంతలు. మా ఆవిడ ఆ పెట్టె చూసి కడుపుబ్బ నవ్వింది. నవ్వి, ఈసారి అట్టలూ గిట్టలూ ఏమీ వద్దు, అమ్మనే షాపుకి తీసుకెళ్దాం అంది. పిల్లల్ని దింపేశాక మధ్యాహ్నం దాకా బస్సు ఖాళీగానే ఉంటుంది, స్కూల్లో అడిగి తెచ్చింది. స్కూలు బస్సులో ముందు సీట్లో అత్తగారు, వెనకాల సీట్లో కంతల పెట్టెలో టీవీతో నేను. దారిపొడుగునా ఆమె నా బోర్డులు ఒక్కొక్కటే పైకి చదువుతూ వచ్చారు.

ఆ అమ్మాయి పెట్టెలోని కంతలోంచి లోపలికి తొంగిచూసి, రండమ్మా అంటూ అత్తగారికి దారి చూపింది, అది ఆమె మంచితనం. నేను కొలత టేపు పెట్టి కొలిచాను. యాభై అయిదు అంగుళాల తెరకి తొమ్మిది అడుగుల దూరంలో, మా ఇంట్లో ఎంత పక్కవాటంగా ఉంటుందో అంతే పక్కవాటంగా, రెండు ఫ్రిజ్‌ల నడుమ ఒక కుర్చీ వేయించాం. అత్తగారు అందులో జడ్జీలా కూర్చున్నారు. ఆమె ఎన్నడూ చూడని సినిమా ఏదైనా పెట్టమన్నాను. అమ్మాయి పెట్టింది. అత్తగారు కళ్లు చికిలించి, కొన్ని మాటలు అందుతున్నాయి గానీ కొన్ని జారిపోతున్నాయి అన్నారు. అమ్మాయి రిమోట్ తీసుకుని, అక్షరాల సైజు పెంచుకోవచ్చు, రంగు కూడా మార్చుకోవచ్చు అంది. ఆ సదుపాయం ఉందని నేను ఎరగను. రంగు అనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. నల్లటి పట్టీ మీద పసుపు అక్షరం పెట్టమ్మా, రోడ్డు మీద దూరం నుంచి చదవాలంటే అంతకు మించింది లేదు అన్నాను. అలాగే పెట్టింది.

చెవులు వినబడనివాళ్లకి తాము ఎంత గట్టిగా మాట్లాడుతున్నారో తెలియదు. అత్తగారు తెర వంక చూసి, షాపు షాపంతా అదిరేలా చదివారు.

"నువ్వు లేని ఈ గదిలో నాకు ఊపిరాడటం లేదు. తలుపు తెరువు. ఒక్కసారి నా మాట విను."

వాషింగ్ మెషీన్ల దగ్గర బేరమాడుతున్న భార్యాభర్తలు ఇటు తిరిగారు. లెక్కలు చూసుకుంటున్న మేనేజరు తలెత్తాడు. ఆమెకి ఎవరితోనూ పని లేదు. తర్వాతి మాట, ఆ తర్వాతి మాట, ఒక్క అక్షరం పొల్లు పోకుండా చదువుతూనే ఉన్నారు. మా ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది. నేను ఫ్రిజ్ తలుపు తెరిచి లోపల ఏదో పరిశీలిస్తున్నట్టు నిలబడ్డాను. కాసేపటికి ఆమె నా వైపు తిరిగి, తెర మీది కుర్రాణ్ని చూపించారు.

"వీడు మంచివాడు కాదు. మర్యాద మరీ ఎక్కువైంది."

ఇక పరీక్ష అక్కర్లేదన్నాను.

మేనేజరు ఆ కంతల పెట్టె చూసి తల అడ్డంగా ఊపాడు. చివరికి చిన్న టీవీని షాపులో చూపించడానికి ఉంచుకునే పీసుగా తీసుకోవడానికి ఒప్పుకున్నాడు. దానికి బదులుగా నేను వాళ్లకో బోర్డు రాసిపెట్టాలి. ఏం రాయాలో ఆ అమ్మాయే చెప్పింది. ఇప్పుడు వాళ్ల టీవీల విభాగం గుమ్మం పైన, నల్లటి పట్టీ మీద పసుపు అక్షరాల్లో, "మీ కుర్చీ ఎంత దూరమో కొలుచుకుని రండి" అని ఉంటుంది. ఆ బోర్డు రాస్తున్నంతసేపూ ఆ అమ్మాయి నిచ్చెన కింద నిలబడి నవ్వుతూనే ఉంది. నవ్వనీ, ఆ మాట చెప్పే హక్కు ఆమెదే.

పెద్ద టీవీ మా గోడకి బాగానే అమరింది. గోడంతా అదే అయిన మాట నిజమే. అత్తగారి కుర్చీ అంగుళం కూడా కదల్లేదు. ఆ సాయంత్రం ఆమె ఒక కన్ను వీధి మీదా ఒక కన్ను తెర మీదా వేసి కూర్చున్నారు. సగంలో నేను తోటమాలిని అనుమానించాను. ఆమె పళ్ల డాక్టరన్నారు. ఆ డాక్టరు అంతవరకూ రెండు మాటలైనా మాట్లాడి ఉండడు, ముసలావిడకి గొడుగు పట్టాడు, అంతే. చివరికి చేతికి సంకెళ్లు పడ్డది ఆయనకే. అత్తగారు నా వంక చూసి, వేలితో వంటింటి వైపు దారి చూపించారు.

వెళ్లి టీ పెట్టాను. గట్టు మీద బుట్టలో బీన్సు తరగకుండా అలాగే ఉన్నాయి, చాకు స్టాండులో దాని చోట అది ఉంది. నీళ్లు మరుగుతుండగానే రెండో భాగం మొదలైంది. ముందుగదిలోంచి అత్తగారి గొంతు వినబడింది. పెద్దగా, ఆగి ఆగి, ఎవరెవరు ఏమేమి అంటున్నారో తెర మీది అక్షరాలన్నీ చదువుతున్నారు. మా ఆవిడ నిద్రలో ఏదో గొణిగి అటు తిరిగి పడుకున్నట్టుంది. ఎందుకు చదువుతున్నారో నాకు క్షణంసేపు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నేను వంటింట్లో ఉన్నాను గదా, నాకు కథ తప్పిపోకూడదని చదివి వినిపిస్తున్నారు.

టీవీ మాటలు వంటింట్లోకి శుభ్రంగా వినబడతాయి. ఆ సంగతి నేను ఆమెకి చెప్పలేదు.